లీటరు చౌకే, కిలోమీటరు కాదు: అండమాన్ రహదారిపై ఇంధన వ్యయం అసలు లెక్క

దేశంలో పెట్రోలు, డీజిల్ అతి తక్కువ ధరకు దొరికే ప్రాంతాల్లో అండమాన్ నికోబార్ దీవులు ముందు వరుసలో ఉన్నాయి. 2024 మార్చిలో చమురు సంస్థలు లీటరుకు 2 రూపాయల చొప్పున తగ్గించిన తరువాత, అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో లీటరు పెట్రోలు 82 రూపాయల పైచిలుకుకు, డీజిల్ 78 రూపాయల పైచిలుకుకు చేరాయి. అదే సమయంలో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు, విశాఖపట్నంలో 108 రూపాయలు దాటి ఉంది. లీటరుకు పాతిక రూపాయల తేడా చిన్నది కాదు. అయినా దీవుల్లో కారు కిరాయి గాని, సరుకు రవాణా గాని ఆ మేరకు చౌకగా ఉండవు. అక్కడ టాక్సీ నడుపుకునేవారికి, కూరగాయలు, కిరాణా సరుకు చేరవేసే చిన్న వాహనాల యజమానులకు చౌక ఇంధనం వల్ల రావలసిన మిగులు కూడా అంతగా కనిపించదు.

ఈ వైరుధ్యానికి కారణం లెక్క వేసే తీరులోనే ఉంది. వాహనదారు బంకు దగ్గర లీటర్లలో చెల్లిస్తాడు, ప్రయాణం మాత్రం కిలోమీటర్లలో సాగుతుంది. ఆ రెండింటినీ కలిపే అంకె మైలేజీ. అది కంపెనీ ప్రకటనలో ఒకలా, దీవుల రహదారిపై మరొకలా ఉంటుంది. ఆ తేడా తెలియకుండా కిరాయి ఒప్పుకున్న యజమాని ప్రతి ప్రయాణంలోనూ కొంత పోగొట్టుకుంటాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. వాహనమే జీవనాధారమైన ఇళ్ళకు ఈ లెక్క బ్యాంకు వాయిదా సకాలంలో కట్టగలగడానికి సంబంధించిన విషయం.

ధర ఎందుకు తక్కువ

దీవులకు పెట్రోలియం ఉత్పత్తులు ప్రధాన భూభాగం నుంచి నౌకల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వస్తాయి. దక్షిణ అండమాన్‌లోని హోప్‌టౌన్ వద్ద ఉన్న ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌కు చేరి, అక్కడి నుంచి పంపిణీ అవుతాయి. ఇంత దూరం నుంచి వచ్చే సరుకు చౌకగా ఉండటానికి కారణం పన్ను. కేంద్ర ఎక్సైజ్ సుంకం దేశమంతటా ఒక్కటే. తేడా అంతా విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్‌లో ఉంది. అండమాన్ నికోబార్‌లో పెట్రోలు, డీజిల్ రెండింటిపైనా వ్యాట్ 1 శాతం మాత్రమే. తెలంగాణలో పెట్రోలుపై 35.20 శాతం, డీజిల్‌పై 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రహదారి అభివృద్ధి సెస్సు.

అంటే దీవుల్లో చౌకదనం పన్ను విధానం ఇచ్చిన రాయితీ. దూరం, నేల తీరు, వాతావరణం మారవు కాబట్టి, పన్నులో దక్కిన మేలులో ఎంత భాగం రహదారి తిరిగి తీసుకుంటుందన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్రయోగశాల అంకె, రహదారి అంకె

మన దేశంలో కార్ల కంపెనీలు ప్రకటించే మైలేజీ పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఏఆర్ఏఐ వంటి అధీకృత సంస్థలు ధ్రువీకరించిన అంకె. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. కారు చక్రాలను రోలర్లపై నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగాల క్రమంలో నడుపుతారు. ఎంతో కాలంగా వాడుకలో ఉన్న భారతీయ పరీక్షా చక్రం నిడివి 20 నిమిషాల లోపే. నడిచే దూరం సుమారు పదిన్నర కిలోమీటర్లు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ ఆపి ఉంటుంది. ఎత్తుపల్లాలు, బురద, ఎదురుగాలి, డిక్కీలో సామాను, వెనుక సీటులో ముగ్గురు మనుషులు ఆ గదిలో ఉండరు.

దీన్ని మోసంగా భావించనవసరం లేదు. రెండు కార్లను ఒకే కొలబద్దతో పోల్చడానికి అటువంటి పరీక్ష అవసరం. 20 కిలోమీటర్లు ఇస్తుందన్న కారు 16 ఇస్తుందన్న కారు కన్నా పొదుపైనదని చెప్పడానికి ఆ అంకె పనికివస్తుంది. బారాటాంగ్ వెళ్ళి రావడానికి ఎన్ని లీటర్లు పోయించాలో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

దీవుల్లో వర్షపాతం ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. మే నుంచి డిసెంబరు వరకు రెండు రుతుపవనాలూ అక్కడ వర్షిస్తాయి. ఉక్కపోత వల్ల ఏసీ లేకుండా పర్యాటకులను తిప్పడం కష్టం. అండమాన్ ట్రంక్ రోడ్డు అడవుల మధ్య, గుట్టల వెంట మలుపులు తిరుగుతూ సాగుతుంది. మాటిమాటికీ గేరు తగ్గించడం, బ్రేకు వేయడం, మళ్ళీ వేగం అందుకోవడం తప్పవు. బ్రేకు వేసిన ప్రతిసారీ అంతకుముందు ఇంధనం ఖర్చుచేసి సంపాదించిన వేగం వేడిగా మారి వృథా అవుతుంది. మైలేజీ పడిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ప్రధాన భూభాగంలోని బంధువు చెప్పిన అంకెను కూడా యథాతథంగా తీసుకోవడం సరికాదు. పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమాన్ని 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం మిశ్రమం వల్ల వాహనం రకాన్ని బట్టి మైలేజీ 1 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. అందువల్ల విశాఖలో కొలిచిన మైలేజీని, దీవుల్లో కొలిచిన మైలేజీని పోల్చేటప్పుడు ట్యాంకులో ఉన్న ఇంధనం ఒకటేనా అని చూడాలి.

200 కిలోమీటర్ల పోలిక

శ్రీ విజయ పురం, అంటే 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన రాజధాని నుంచి బారాటాంగ్ దీవికి రానుపోను సుమారు 200 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళి రావడానికి కూడా దాదాపు అంతే దూరం. ఒకే రకం పెట్రోలు కారు ఈ రెండు దారుల్లో నడిచిందని అనుకుందాం. కంపెనీ చెప్పిన మైలేజీ 20. జాతీయ రహదారిపై అది లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే, ట్రంక్ రోడ్డుపై ఏసీతో, నిండు మనుషులతో 14 ఇచ్చిందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవి. ప్రతి వాహనదారు తన అంకెలను వీటి స్థానంలో ఉంచుకోవచ్చు.

శ్రీకాకుళం ప్రయాణానికి 11.1 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల చొప్పున ఖర్చు సుమారు 1,200 రూపాయలు. బారాటాంగ్ ప్రయాణానికి 14.3 లీటర్లు కావాలి. లీటరు 82 రూపాయల 50 పైసల చొప్పున ఖర్చు సుమారు 1,180 రూపాయలు. బంకు దగ్గర కనిపించిన పాతిక రూపాయల తేడా రహదారి మీదికి వచ్చేసరికి మొత్తం ప్రయాణంలో 20 రూపాయలకు కుదించుకుపోయింది.

దీన్నే సూత్రంగా చెప్పుకోవచ్చు. ధర 24 శాతం తక్కువైన చోట మైలేజీ కూడా 24 శాతం తగ్గితే కిలోమీటరు ఖర్చు సమానమవుతుంది. అంతకు మించి తగ్గితే, చౌక పెట్రోలు పోయించుకుంటూనే ఎక్కువ ఖర్చు పెట్టినట్టు. కంపెనీ అంకె నమ్మి లెక్క వేసినవారు ఈ 200 కిలోమీటర్లకు 10 లీటర్లు, 825 రూపాయలు చాలనుకుంటారు. నిజానికి మరో 354 రూపాయలు జేబులోంచి పోతాయి.

నిలిచి ఉన్న బండి తాగే ఇంధనం

ట్రంక్ రోడ్డుకు ఉన్న మరో ప్రత్యేకత కాన్వాయ్. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 49 కిలోమీటర్ల దారి జరావా ఆదిమ తెగ అభయారణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో, పోలీసు రక్షణలో, వరుసగా మాత్రమే వెళ్ళాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటరాదు. ముందు వాహనాన్ని దాటిపోరాదు, దారిలో ఆగరాదు. మొదటి కాన్వాయ్ కోసం తెల్లవారకముందే చెక్‌పోస్టు దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. ఒకటి తప్పిపోతే తరువాతి వేళ కోసం గంటల తరబడి ఆగాలి. దారి చివర మిడిల్ స్ట్రెయిట్ వద్ద జలసంధిని వాహన ఫెర్రీపై దాటాలి. గోదావరి జిల్లాలవారికి పంటుగా పరిచయమైన ఏర్పాటు వంటిదే అది. అక్కడా వరుస తప్పదు.

ఈ నిబంధనలు జరావాల రక్షణకు ఏర్పడినవి. బయటి సమాజంతో తాకిడి వల్ల ఆ చిన్న తెగకు కలిగే ముప్పు దృష్ట్యా ఈ రహదారి వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2002లో ఈ భాగాన్ని మూసివేయాలన్న ఆదేశం కూడా వెలువడింది. కాబట్టి కాన్వాయ్‌ను తొలగించవలసిన ఖర్చుగా చూడకూడదు. ప్రయాణ లెక్కలో ముందుగానే చేర్చుకోవలసిన సమయంగా చూడాలి.

ఆ సమయంలో ఇంజిన్ ఆపి ఉందా, నడుస్తోందా అన్నది మాత్రం డ్రైవరు చేతిలో ఉంది. ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ నిలిపిన సాధారణ కారు గంటకు ముప్పావు లీటరు దాకా ఇంధనం తాగవచ్చు. రెండు చోట్ల కలిపి రెండు గంటలు అలా ఆగితే లీటరున్నర. కారు ఒక్క అడుగు కదలకుండానే 20 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడే పెట్రోలు ఆవిరవుతుంది. నడిచిన దారిలో 14 ఇచ్చిన కారు మొత్తం ప్రయాణంలో 13 కన్నా తక్కువ ఇచ్చినట్టు లెక్క తేలుతుంది. ఇంజిన్‌లో లోపం ఉందేమోనని మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు ఈ నిరీక్షణను లెక్కలోకి తీసుకోవాలి.

నిరీక్షణ తగ్గితే ఎంత మేలో ఇదే రహదారి చూపింది. బారాటాంగ్ దాటాక హంఫ్రీ జలసంధి వద్ద కూడా ఒకప్పుడు ఫెర్రీ ఎక్కవలసి వచ్చేది. ఇప్పుడు అక్కడ ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది. ఆ వంతెన వల్ల తగ్గిన కిలోమీటర్లు స్వల్పమే అయినా, తగ్గిన గంటలు ఎక్కువ. వాహనం రోజుకు ఎన్ని ప్రయాణాలు చేయగలదో నిర్ణయించేది ఆ గంటలే.

అసలు మైలేజీ కొలిచే పద్ధతి

తన వాహనం తన దారిలో ఎంత ఇస్తుందో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. చిన్న పుస్తకం, కలం చాలు. ముందుగా ట్యాంకు నిండుగా పోయించాలి. బంకులోని గొట్టం తనంతట తాను ఆగిన చోట నిలపాలి, ఆపైన బలవంతంగా పోయించరాదు. ఓడోమీటరు అంకె రాసుకోవాలి. ట్యాంకు మూడు వంతులు ఖాళీ అయ్యేదాకా మామూలుగా తిప్పాలి. మధ్యలో పోయించినా ఆ లీటర్లు రాసుకుంటే సరిపోతుంది. మళ్ళీ వీలైతే అదే బంకులో, అదే గొట్టం దగ్గర, బండి అదే తీరున నిలిపి నిండుగా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో, మధ్యలో పోయించినవి కూడా కలిపి, భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ.

ఇందులో జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, తక్కువ ఇంధనంతో కొలవడం. గొట్టం ఆగే చోటులో అరలీటరు తేడా సహజం. 10 లీటర్లకే లెక్క వేస్తే ఆ అరలీటరు 5 శాతం తప్పు అవుతుంది. 35 లీటర్లకు వేస్తే ఒకటిన్నర శాతంలోపే ఉంటుంది. అందుకే ఒక్క ట్యాంకుతో నిర్ణయానికి రాకుండా మూడు నాలుగు ట్యాంకుల మొత్తం తీసుకోవాలి. రెండవది, ఓడోమీటరును గుడ్డిగా నమ్మడం. టైరు అరిగితే చక్రం చుట్టుకొలత తగ్గి, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపుతుంది. కంపెనీ కొలత కన్నా పెద్ద టైర్లు వేస్తే తక్కువ చూపుతుంది. జాతీయ రహదారి పక్కనున్న కిలోమీటరు రాళ్ళతో సరిచూసుకుంటే ఆ తేడా తెలిసిపోతుంది.

కొత్త కార్ల డ్యాష్‌బోర్డుపై కనిపించే మైలేజీ కూడా ఒక అంచనా మాత్రమే. దాన్ని ట్యాంకు లెక్కతో ఒకసారి పోల్చి చూసుకుంటే, ఆ తెర ఎంత ఎక్కువ చెబుతోందో, ఎంత తక్కువ చెబుతోందో తెలుస్తుంది. ఆపైన అదే తేడాను సవరించుకుని వాడుకోవచ్చు.

సగటులో దాగిన పొరపాటు

రెండు మైలేజీలను కలిపి రెండుతో భాగించడం చాలామంది చేసే తప్పు. 100 కిలోమీటర్లు లీటరుకు 20 చొప్పున, మరో 100 కిలోమీటర్లు 10 చొప్పున నడిచిన బండి సగటు 15 అనిపిస్తుంది. నిజానికి మొదటి వందకు 5 లీటర్లు, రెండవ వందకు 10 లీటర్లు పట్టాయి. 200 కిలోమీటర్లకు 15 లీటర్లు, అంటే సగటు 13.3 మాత్రమే. ఎప్పుడూ మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి. మైలేజీలను మైలేజీలతో కలపరాదు.

ఇదే కారణంగా అనేక దేశాల్లో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనడానికి బదులు 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్కిస్తారు. ఆ పద్ధతిలో ఒక ముఖ్య విషయం బయటపడుతుంది. లీటరుకు 10 ఇచ్చే బండిని మరమ్మతు చేసి 12కు తెస్తే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే బండిని 24కు తెస్తే 8 లీటర్లకు కాస్త ఎక్కువ మిగులుతాయి. రెండింటిలోనూ మెరుగుదల 20 శాతమే అయినా, మిగిలే ఇంధనం మొదటిదానిలో రెట్టింపు. పాత, బరువైన వాహనాలపై పెట్టే శ్రద్ధే ఎక్కువ ఫలితం ఇస్తుందని దీని అర్థం.

తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు ఈ సంగతి ఏనాడో గ్రహించాయి. కేఎంపీఎల్ అనే మాట అక్కడ ప్రతి డిపోలోనూ నిత్యం వినిపిస్తుంది. బస్సుల వారీగా, డ్రైవర్ల వారీగా దాన్ని నమోదు చేస్తారు. లీటరుకు ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ నడిచే బస్సులో పదో వంతు కిలోమీటరు పెరిగినా, వేల బస్సుల మీద అది పెద్ద మొత్తం. ఒక్క కారు యజమానికి కూడా అదే క్రమశిక్షణ వర్తిస్తుంది.

ఇంధనం ఒక్కటే ఖర్చు కాదు

బారాటాంగ్ ప్రయాణాన్నే తీసుకుని మిగిలిన ఖర్చులు కలిపి చూస్తే అసలు చిత్రం బయటపడుతుంది. ఇవీ ఉదాహరణకు తీసుకున్న అంకెలే. నెలవారీ వాయిదా 14,000 రూపాయలు, బీమా, పర్మిట్, ఫిట్‌నెస్ వగైరాలకు నెలకు 4,000 రూపాయలు అనుకుంటే స్థిర వ్యయం 18,000. నెలకు 24 రోజులు పని దొరికితే రోజుకు 750 పడుతుంది. టైర్లు, ఇంజిన్ ఆయిల్, బ్రేకులు, సస్పెన్షన్ కలిపి కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున 400. డ్రైవరు కూలి 1,000. ఫెర్రీ, భోజనం వగైరా 500. ఇంధనం 1,180. మొత్తం సుమారు 3,830 రూపాయలు. ఇందులో ఇంధనం వాటా మూడో వంతు కన్నా తక్కువ.

వానాకాలంలో పర్యాటకులు తగ్గి నెలకు 15 రోజులే పని దొరికితే స్థిర వ్యయం రోజుకు 1,200కు పెరుగుతుంది. అదే ప్రయాణం ఖర్చు 4,280కి చేరుతుంది. లీటరు ధర ఒక్క పైసా మారకుండానే ప్రయాణ వ్యయం 450 రూపాయలు పెరిగింది. ఉప్పు గాలికి, తేమకు తుప్పు పట్టే బాడీ, ప్రధాన భూభాగం నుంచి నౌకలో రావలసిన విడిభాగాలు, అవి వచ్చేదాకా కదలని బండి వీటికి అదనం.

ఈ లెక్క నుంచి రెండు విషయాలు తేలుతాయి. పెట్రోలు ఖర్చుకు రెట్టింపు వస్తే చాలునని కిరాయి ఒప్పుకునే యజమాని, పై ఉదాహరణలో 2,360 రూపాయలు తీసుకుని 3,830 రూపాయల పని చేసినట్టవుతుంది. ఆ లోటు వెంటనే కనిపించదు. టైర్లు మార్చవలసిన నెలలోనో, బీమా కట్టవలసిన నెలలోనో అప్పుగా బయటపడుతుంది. ఇక సరైన ఖర్చులన్నీ కలుపుకుని, మైలేజీ మాత్రం కంపెనీ అంకె తీసుకున్నవారికి ప్రయాణానికి 354 రూపాయలు తక్కువ పడుతుంది. నెలకు 15 ప్రయాణాలైతే 5,310 రూపాయలు. అది వాయిదాలో మూడో వంతుకు మించిన మొత్తం.

సరుకు వాహనం, కూరగాయల ధర

ప్రయాణికుల కిరాయి కన్నా సరుకు రవాణా లెక్క ఎక్కువ మందిని తాకుతుంది. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతం వరికి, కూరగాయలకు పేరున్నది. అక్కడి నుంచి రాజధానికి ట్రంక్ రోడ్డు మీదుగా సుమారు 320 కిలోమీటర్లు. ఒకటిన్నర టన్నుల సరుకు మోసే డీజిల్ వాహనం బరువుతో లీటరుకు 10, ఖాళీగా 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. సరుకుతో వచ్చి ఖాళీగా తిరిగి వెళితే దాదాపు 55 లీటర్లు కావాలి. లీటరు 78 రూపాయల చొప్పున ఖర్చు సుమారు 4,280. కిలో సరుకు మీద ఇంధన భారం 2 రూపాయల 85 పైసలు.

తిరుగు ప్రయాణంలో కిరాణానో, సిమెంటో అంతే బరువు దొరికితే ఇంధనం 64 లీటర్లకు, ఖర్చు సుమారు 5,000కు పెరుగుతుంది. మైలేజీ తగ్గినట్టు కనిపిస్తుంది. అయితే చేరవేసిన సరుకు 3 టన్నులు కాబట్టి కిలో మీద భారం 1 రూపాయి 66 పైసలకు దిగుతుంది. డ్రైవరు ఎంత నైపుణ్యంతో నడిపినా ఇంత తగ్గుదల తేలేడు. సరుకు వాహనానికి మైలేజీ కన్నా తిరుగు సరుకు ముఖ్యం. రైతులు, వ్యాపారులు, వాహన యజమానులు ముందుగా మాట్లాడుకుని బండి రెండు వైపులా నిండేలా చూసుకుంటే, రైతుకు దక్కే ధరలోనూ వినియోగదారు చెల్లించే ధరలోనూ ఆ మేలు కనిపించే అవకాశం ఉంది.

విద్యుత్ వాహనం మార్గమా

ఇంధన ఖర్చు తప్పించుకోవడానికి విద్యుత్ వాహనాలు మార్గమని సూచనలు వస్తున్నాయి. దీవుల్లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తోంది. శ్రీ విజయ పురంలో ఎన్ఎల్‌సీ ఇండియా నెలకొల్పిన 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వంటివి తోడైనా, డీజిల్‌పై ఆధారం తొలగలేదు. ఒక లీటరు డీజిల్ నుంచి జనరేటరు సుమారు మూడున్నర యూనిట్లు ఇస్తుందని, సరఫరాలో, చార్జింగ్‌లో ఐదో వంతు పోతుందని, కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడుస్తుందని అనుకుంటే, లీటరు డీజిల్‌కు దాదాపు 20 కిలోమీటర్లు వస్తాయి. పొదుపైన డీజిల్ కారు మంచి రోడ్డుపై ఇచ్చేదానికి ఇది దగ్గరే. వాహనదారుకు యూనిట్ ధర వల్ల లాభం ఉండవచ్చు. దీవులకు నౌకల్లో వచ్చే డీజిల్ తగ్గాలంటే మాత్రం సౌర విద్యుత్తు పెరగాలి. అయితే ఆగి ఉన్న విద్యుత్ వాహనంలో ఇంజిన్ వృథాగా తిరగదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. మలుపులు, నిరీక్షణలు ఎక్కువగా ఉన్న ఈ దారిలో ఆ రెండు గుణాలకూ విలువ ఉంది.

చేయవలసినది

డ్రైవరు స్థాయిలో చేయగలిగినవి కష్టమైనవి కావు. చెక్‌పోస్టు వద్ద, ఫెర్రీ వద్ద ఇంజిన్ ఆపడం, టైర్లలో గాలి వారానికొకసారి సరిచూడటం, అనవసరపు బరువు దించడం, మలుపు ముందు యాక్సిలరేటరు వదిలి బ్రేకు తగ్గించడం వాటిలో ముఖ్యమైనవి. పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం, పీసీఆర్ఏ ఏళ్ళ తరబడి చెబుతున్నవీ ఇవే. జిర్కాటాంగ్ దాటాక మిడిల్ స్ట్రెయిట్ దాకా బంకు లేదు, ఆగే వీలూ లేదు. కాబట్టి బయలుదేరే ముందే ఇంధనం చూసుకోవడం పొదుపుకే కాదు, నిబంధనల పాలనకూ అవసరం.

వ్యవస్థ స్థాయిలో మరో మార్పు కావాలి. టాక్సీ, ఆటో, సరుకు రవాణా రేట్లు నిర్ణయించేటప్పుడు లీటరు ధర ఒక్కదాన్నే ఆధారంగా తీసుకుంటే, ధర మారినప్పుడల్లా వివాదం తప్పదు. ట్రంక్ రోడ్డుపై వివిధ రకాల వాహనాలు నిజంగా ఇచ్చే మైలేజీ, సగటు నిరీక్షణ సమయం, పని దొరికే రోజులు లెక్కలోకి వస్తే, ఆ రేటు ప్రయాణికునికీ యజమానికీ న్యాయంగా ఉంటుంది. డిగ్లీపూర్ దాకా బస్సులు నడిపే దీవుల రాష్ట్ర రవాణా సర్వీసుకు ఇటువంటి వివరాలు సేకరించే వీలుంది. వాహన యజమానుల సంఘాలు తమ సభ్యుల ట్యాంకు లెక్కలను క్రోడీకరించి ముందుంచితే, రేట్ల చర్చ అంచనాల మీద గాక అంకెల మీద సాగుతుంది.

ఆ అంకెలు సమకూరేదాకా వాహన యజమానికి ఆధారం తన పుస్తకమే. కొత్త కిరాయి ఒప్పుకునే ముందు అందులో మూడు విషయాలు సిద్ధంగా ఉండాలి: తన దారిలో తన బండి ఇచ్చిన మైలేజీ, రోజుకు పడుతున్న స్థిర వ్యయం, తిరుగు ప్రయాణంలో బండి నిండే అవకాశం. లీటరు ధర వీటి తరువాతే వస్తుంది.